టెండరు ఆన్‌లైన్‌లోనే ఉన్నా కొనుగోలుకు ఆరు నెలలు ఎందుకు పడుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు ఒక రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కొనుగోళ్ల విభాగంలో సూపరింటెండెంటుగా ఉన్నారు. ఏడాదికి అరవై దాకా టెండర్లు పిలుస్తారు, అవన్నీ ఇ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనే, అంటే ప్రభుత్వపు ఆన్‌లైన్ టెండర్ల వెబ్‌సైటులోనే నడుస్తున్నాయి. అయినా ఇండెంటు (ఫలానా సరుకు ఇంత కావాలని ఒక కార్యాలయం పంపే కోరిక పత్రం) అందిన నాటి నుంచి సరుకు గోదాముకు చేరేసరికి ఐదారు నెలలు పడుతోంది. వ్యవహారమంతా కంప్యూటరీకరించడానికి కొత్త సాఫ్ట్‌వేరు కొనాలని మీ పై అధికారులు అనుకుంటున్నారు. దానివల్ల ఉపయోగం ఉంటుందా, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఈ ఏడాది కొత్త సాఫ్ట్‌వేరు కొనకండి. మీ ఆలస్యంలో ఎక్కువ భాగం టెండరుకు ముందు ఇండెంటు దగ్గర, టెండరు తరువాత బిల్లు దగ్గర ఉండి ఉంటుంది. ఆ రెండు చోట్లా ముందుగా కావలసినవి ఒక శుభ్రమైన వస్తువుల పట్టిక, ఒక తేదీల పట్టిక. రెండూ మామూలు స్ప్రెడ్‌షీట్‌లో మొదలుపెట్టవచ్చు. అవి ఆరు నెలలపాటు నిలకడగా నడిచిన తరువాత సాఫ్ట్‌వేరు తీసుకుంటే, ఏం కావాలో మీరే చెప్పగలుగుతారు. ఇప్పుడే తీసుకుంటే ఏం కావాలో అమ్మేవాడు చెబుతాడు.

నా మాటను నమ్మనవసరం లేదు, పరీక్షించి చూడండి. గత ఏడాది పూర్తయిన ఫైళ్లలో పదింటిని బయటకు తీసి, ఒక్కొక్కదానికి ఎనిమిది తేదీలు రాయండి: ఇండెంటు అందినది, స్పెసిఫికేషను ఖరారైనది, పరిపాలనా అనుమతి వచ్చినది, టెండరు ప్రకటించినది, ధరల బిడ్డు తెరిచినది, సరఫరా ఉత్తర్వు ఇచ్చినది, సరుకు అందినది, బిల్లు చెల్లించినది. ప్రకటనకూ బిడ్డు తెరవడానికీ మధ్య గడువు నియమం ప్రకారం ఇవ్వవలసినదే. కేంద్ర ప్రభుత్వపు 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోనే బహిరంగ టెండరుకు మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలని ఉంది, రాష్ట్రాలకు వాటి సొంత ఉత్తర్వులు ఉన్నాయి. ఆ గడువును ఏ కంప్యూటరూ తగ్గించలేదు, తగ్గించకూడదు కూడా. మిగిలిన కాలం ఎక్కడ ఖర్చయిందో ఆ ఎనిమిది గడులు చూస్తే మీకే తెలుస్తుంది. నేను ఈ పని చేసిన ప్రతిచోటా అతి పెద్ద అంకె మొదటి రెండు తేదీల మధ్యనో, చివరి రెండు తేదీల మధ్యనో కనిపించింది.

పోర్టల్ వల్ల మేలు జరగలేదని నా ఉద్దేశం కాదు. నేను ఉద్యోగంలో చేరిన కాలంలో టెండరు అంటే కార్యాలయ వరండాలో తాళం వేసిన పెట్టె. షెడ్యూలు, అంటే టెండరు పత్రం, కొనడానికి వచ్చిన గుత్తేదారు పేరు ఆ సాయంత్రానికే పోటీదారులకు తెలిసిపోయేది. చివరి రోజున పెట్టె చుట్టూ మనుషులు నిలబడితే, కవరు చేతిలో పట్టుకుని వచ్చినవాడు మెట్ల దగ్గరి నుంచే వెనక్కు తిరిగి వెళ్లడం నేను కళ్లారా చూశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 జనవరిలో ఇ-ప్రొక్యూర్‌మెంట్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖలూ, వైద్య మౌలిక వసతుల సంస్థా, ఆంధ్రప్రదేశ్ టెక్నాలజీ సర్వీసెస్‌ మొదటి విడతలో ఉన్నాయి. షెడ్యూలు ఎవరు దించుకున్నారో ఎవరికీ తెలియకుండా పోవడం ఒక్కటే ఆ వరండా వ్యాపారాన్ని చాలావరకు దెబ్బ తీసింది. అంటే పోర్టల్ పరిష్కరించినది గోప్యత సమస్యను, ప్రవేశ సమస్యను. కాలయాపన దాని పరిధిలోకి ఎప్పుడూ పూర్తిగా రాలేదు. ఇల్లు అలకగానే పండుగ కాదన్న సామెత మా సెక్షన్లలో బాగా తెలిసినదే అయినా, పోర్టల్ వచ్చిన కొత్తలో అందరం అది మరిచిపోయాం.

ఇక ఇండెంటు సంగతి. రాష్ట్రస్థాయి వైద్య సామగ్రి కొనుగోళ్లలో ఉన్నప్పుడు నా చేతిలో నడిచిన ఒక ఫైలు చెబుతాను. పదిహేడు ఆసుపత్రుల నుంచి చేతి తొడుగులకు ఇండెంట్లు వచ్చాయి. ఒక ఆసుపత్రి ‘గ్లవ్స్ – 5,000’ అని మాత్రమే రాసింది. మరొకటి ‘సర్జికల్ గ్లవ్స్, 7 నంబరు – 200 డబ్బాలు’ అంది. ఇంకొకటి ‘రబ్బరు తొడుగులు, మంచి రకం, గత ఏడాది లాగానే’ అని రాసి సంతకం పెట్టి పంపింది. శస్త్రచికిత్సకు వాడే స్టెరైల్ తొడుగులు జతల లెక్కన, ఆరున్నర, ఏడు, ఏడున్నర వంటి సైజుల్లో వస్తాయి. పరీక్షకు వాడేవి చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో, సాధారణంగా డబ్బాకు వంద చొప్పున వస్తాయి. అప్పటికి మాకు ఇండెంట్లు నమోదు చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. అందులో పరిమాణం అన్న గడి ఉంది కానీ యూనిట్ అన్న గడి లేదు. మా సహాయకుడు వచ్చిన అంకెలన్నీ వరుసగా కొట్టాడు. కంప్యూటరు కూడిక తప్పు చేయలేదు. జతలను, డబ్బాలను, విడి తొడుగులను కలిపి చాలా కచ్చితంగా కూడింది.

ఆ మొత్తంతోనే టెండరు వెళ్లిపోయింది. బిడ్లు వేయడానికి ముందు సందేహాలు తీర్చే ప్రీ-బిడ్ సమావేశంలో ఒక సరఫరాదారు లేచి, ‘అయ్యా, ఈ సంఖ్య జతలా, విడి తొడుగులా?’ అని అడిగేదాకా మా ఎవరికీ తట్టలేదు. పదిహేడు ఆసుపత్రులకూ మళ్లీ ఫోన్లు చేసి, సవరణ ప్రకటన ఇచ్చి, గడువు పొడిగించేసరికి నలభై రోజులు పోయాయి. ఆ నలభై రోజులూ పోర్టల్ సక్రమంగానే పనిచేస్తూ ఉంది.

కాబట్టి మొదటి పని వస్తువుల పట్టిక. ప్రతి వస్తువుకూ ఒక్కటే కోడ్, ఒక్కటే పేరు, ఒక్కటే యూనిట్, అమల్లో ఉన్న స్పెసిఫికేషను, దాని తేదీ, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం వస్తువులను వర్గీకరించే సంఖ్య), జీఎస్‌టీ రేటు, చివరగా కొన్న ధర, ఆ సరఫరా ఉత్తర్వు సంఖ్య ఉండాలి. చూడడానికి ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది, నిజానికి ఇదే అసలు కంప్యూటరీకరణ. మా స్టాక్ రిజిస్టర్లను కలిపి చూసినప్పుడు ఏ4 కాగితం పదకొండు పేర్లతో కనిపించింది: జిరాక్సు పేపరు, ప్రింటర్ పేపరు, తెల్ల కాగితం రీము, 75 జీఎస్‌ఎం, ఇలా. పదకొండు పేర్లంటే పదకొండు చిన్న కొనుగోళ్లు. ఎవరూ కావాలని ముక్కలు చేయకపోయినా, ఆడిట్ వారి కంటికి అది టెండరు పిలవవలసిన విలువ పరిమితిని తప్పించుకోవడానికి చేసిన విభజనగానే కనిపిస్తుంది. మా సెక్షన్‌లో ముగ్గురం రెండు నెలలపాటు సాయంత్రాలు కూర్చుని ఆ పేర్లను కలిపాం. ఆ ఏడాది మేం చేసిన ఇతర సంస్కరణలేవీ దాని పక్కన నిలవవు.

పట్టిక తయారయ్యాక రెండు కట్టుబాట్లు తప్పనిసరి. కొత్త కోడ్ చేర్చే అధికారం ఒక్కరికే ఉండాలి. ఇండెంటు పంపే కార్యాలయం వస్తువు పేరును టైపు చేయకూడదు, పట్టికలోంచి ఎంచుకోవాలి. ‘గత ఏడాది లాగానే’ అన్న మాట రాయడానికి చోటే లేకుండా చేయండి.

ఈ పద్ధతికి మంచి నమూనా పక్క రాష్ట్రంలోనే ఉంది. తమిళనాడు వైద్య సేవల సంస్థ 1995 నుంచి మందులను కేంద్రంగా కొని జిల్లా గోదాముల ద్వారా ఇస్తోంది. ప్రతి ఆసుపత్రికీ ఏడాది కేటాయింపుతో ఒక పాస్‌బుక్ ఉంటుంది, సరుకు తీసుకున్న ప్రతిసారీ అందులో తగ్గుతుంది. గోదాముల నిల్వ లెక్క కంప్యూటర్లలో ఉంటుంది. అక్కడ బలం సాఫ్ట్‌వేరు గొప్పతనంలో కన్నా ‘ఏ వస్తువు, ఎంత మిగిలింది’ అన్న ప్రశ్నకు ఒకే సమాధానం ఉండడంలో ఉంది. తరువాత వచ్చిన, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారు చేసిన ఇ-ఔషధి వంటి మందుల నిల్వ వ్యవస్థలను వాడిన అనుభవం కూడా నాకు ఇదే చెప్పింది. గోదాములో పెట్టె విప్పిన రోజునే నమోదు జరిగితే తెర మీద అంకెకు విలువ ఉంటుంది. నెలాఖరున ఒకేసారి కొడితే అది రిజిస్టరుకు నకలు మాత్రమే.

బిడ్డర్ల ధరలను పక్కపక్కన పోల్చి చూపే తులనాత్మక పట్టికను చేత్తో తిరిగి తయారు చేయకండి. పోర్టల్ ఇచ్చే ఎల్‌1 జాబితాను (ఎల్‌1 అంటే అతి తక్కువ ధర వేసినవాడు) ముద్రించి, దాన్ని మళ్లీ స్ప్రెడ్‌షీట్‌లో కొట్టి, ఆ కాగితాన్ని నోట్ ఫైలుకు జతపరిచే అలవాటు చాలా కార్యాలయాల్లో ఇప్పటికీ ఉంది. రెండోసారి కొట్టే ప్రతి అంకె తప్పుకు కొత్త అవకాశమే. ఒకసారి మా పట్టికలో ఒక బిడ్డరు ధర జీఎస్‌టీతో కలిపి, పక్కవాడి ధర జీఎస్‌టీ లేకుండా పడింది. తప్పుడు మనిషి ఎల్‌1 అయ్యాడు. ఆర్థిక విభాగం కొర్రీ వేసినప్పుడు కానీ అది బయటపడలేదు, కమిటీలోని ఐదుగురం అప్పటికే సంతకాలు చేసి ఉన్నాం. దీనికి మందు బిడ్డు పత్రం రూపకల్పనలోనే ఉంది. మూల ధర, పన్ను, రవాణా వేర్వేరు గడుల్లో అడగాలి. మొత్తం లెక్కించే సూత్రాన్ని బిడ్డరు మార్చలేకుండా తాళం వేయాలి. అప్పుడు పోర్టల్ పట్టికనే నేరుగా ఫైలులో పెట్టవచ్చు.

చిన్న కొనుగోళ్లకు జెమ్ గురించి, అంటే ప్రభుత్వ కార్యాలయాలు వస్తువులు కొనే ఆన్‌లైన్ బజారు గురించి కూడా అడిగారు. కేంద్ర సరఫరాల సంస్థ డీజీఎస్ అండ్ డీ స్థానంలోకి వచ్చిన ఈ గవర్నమెంట్ ఇ-మార్కెట్‌ప్లేస్ (జెమ్) 2016 ఆగస్టులో మొదలైంది. పాత సంస్థను 2017 అక్టోబరు 31న మూసివేశారు. కేంద్ర కార్యాలయాలకు 2017 నియమావళిలోని 149వ నియమం కింద, అక్కడ దొరికే వస్తువులను అక్కడే కొనడం తప్పనిసరి. రాష్ట్ర సంస్థలు తమ ప్రభుత్వ ఉత్తర్వును బట్టి నడవాలి. 2023 ఏప్రిల్‌లో పంచాయతీల లెక్కల పోర్టల్ ఇ-గ్రామ్‌స్వరాజ్‌ను కూడా జెమ్‌తో కలిపారు. కుర్చీలు, ప్రింటర్లు, కాగితం వంటి వాటికి దీనివల్ల కాలం నిజంగానే ఆదా అవుతుంది. అయితే అక్కడ కనబడే ధర మార్కెట్‌లో అతి తక్కువ ధర అని ఎవరూ హామీ ఇవ్వలేదు, ధర సహేతుకమేనా అని చూడవలసిన బాధ్యత కొనేవారిదే. వెతికేటప్పుడు పది వడపోతలు (ఫిల్టర్లు) ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోతే చివరికి ఒకే బ్రాండు మిగులుతుంది. పాతరోజుల్లో స్పెసిఫికేషను రాతలో చేసిన పనినే ఇప్పుడు మౌస్ క్లిక్కులతో చేస్తున్నారు. ఏ వడపోత ఎందుకు పెట్టారో ఒక్కొక్క వాక్యం ఫైలులో రాయించండి. రాయడానికి కారణం దొరకని వడపోతను తీసేయండి.

ఇప్పుడు డిజిటల్ సంతకాల సంగతి. ఇది మీరు అడగలేదు, కానీ టెండర్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే కాబట్టి చెబుతున్నాను. బిడ్డరు తన బిడ్డు వేసినప్పుడు, దాన్ని తెరవబోయే అధికారుల కీలతో, అంటే డిజిటల్ తాళాలతో, అది గూఢలిపిలోకి మారుతుంది. ఆ అధికారుల టోకెన్లు (డిజిటల్ సంతకం, కీ ఉండే పెన్‌డ్రైవ్ లాంటి పరికరాలు) లేకుండా దాన్ని ఎవరూ చదవలేరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ రూపొందించిన జెప్‌నిక్ అనే ఇ-టెండర్ల వ్యవస్థలో నలుగురిని నమోదు చేసి, వారిలో ఏ ఇద్దరు ఉన్నా తెరవగలిగేలా పెట్టుకునే వీలుంది. నేను పనిచేసిన ఒకచోట, సౌకర్యంగా ఉంటుందని ఇద్దరిని మాత్రమే పెట్టారు, ఇద్దరూ ఉండాలన్న షరతుతో. బిడ్లు దాఖలయ్యాక వారిలో ఒకరికి బదిలీ అయింది. వెళ్లేముందు ఆయన టోకెన్‌ను కార్యాలయంలో అప్పగించారు. దాన్ని తీసుకున్న ఉద్యోగి, కొత్త అధికారి సర్టిఫికెట్ ఎక్కించడానికి అందులోని పాతదాన్ని చెరిపేశాడు. అతడికి అది ఖాళీ చేసుకోదగిన పెన్‌డ్రైవ్ లాగా కనిపించింది. బిడ్డు తెరిచే రోజు ఉదయం పదకొండు గంటలకు సమావేశ మందిరంలో బిడ్డర్ల ప్రతినిధులు కూర్చుని ఉండగా, తెర మీద కీ సరిపోలలేదన్న సందేశం మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ టెండరును రద్దు చేసి మళ్లీ పిలవడం తప్ప మార్గం లేకపోయింది.

అందుకని బిడ్డు తెరిచే అధికారులు నలుగురు ఉండాలి, వారిలో ఒకరైనా ఆ కాలంలో బదిలీ జాబితాలో లేనివారై ఉండాలి. సర్టిఫికెట్ల గడువు తేదీలు గోడ మీద క్యాలెండరు పక్కన కనబడాలి. గడువు తీరి కొత్తది తీసుకున్నా, పాత కీతో మూసిన బిడ్లన్నీ తెరిచేదాకా పాత టోకెన్‌ను బీరువాలో భద్రపరచాలి. ఇంకొక మాట మొహమాటం లేకుండా చెబుతాను: అధికారి టోకెన్, దాని పిన్‌తో సహా, సహాయకుడి సొరుగులో ఉండడం మన కార్యాలయాల్లో మామూలైపోయింది. చట్టం దృష్టిలో అది మీ సంతకమే. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇస్తారా?

భద్రత విషయంలో పోర్టల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. 2018లో మధ్యప్రదేశ్‌లో బయటపడిన ఇ-టెండర్ల వ్యవహారంలో, దాఖలైన బిడ్లను వ్యవస్థలోకి చొరబడి మార్చారన్నది ఆరోపణ. మరుసటి ఏడాది అక్కడి ఆర్థిక నేరాల విభాగం కేసు నమోదు చేసింది. పెట్టె చుట్టూ నిలబడే మనిషి కళ్లకు కనిపిస్తాడు, సర్వరులో చొరబడినవాడు లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో వ్యవస్థ రాసుకునే చిట్టాలో తప్ప ఎక్కడా కనిపించడు. ఆ లాగ్‌ను క్రమం తప్పకుండా చదివేవారు ఎవరన్నది మీ పై అధికారులను అడగండి. ఇ-ప్రొక్యూర్‌మెంట్ వ్యవస్థల నాణ్యత, భద్రతలపై కేంద్ర ప్రభుత్వ నాణ్యతా పరీక్షల విభాగం ఎస్‌టీక్యూసీ మార్గదర్శకాలు 2011 నుంచి ఉన్నాయి. మీ సంస్థ సొంతంగా టెండరు మాడ్యూలు కట్టించుకుంటే ఆ పరీక్షలన్నీ మీ నెత్తిన పడతాయి. ప్రభుత్వ పోర్టల్ ఉండగా ఆ బరువు కోరి తెచ్చుకోవడం నాకు తెలివైన పనిగా తోచదు.

ఇక చివరి తేదీ, అంటే బిల్లు. కొనుగోలు పరిపాలనలో అందరూ మరిచిపోయేది ఇదే, నా అనుభవంలో ధరలను అన్నిటికన్నా ఎక్కువగా పెంచేదీ ఇదే. బిల్లు ఎప్పుడు వస్తుందో తెలియని సరఫరాదారు ఆ వడ్డీని ముందే ధరలో కలుపుకుని బిడ్డు వేస్తాడు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు ఒప్పందం ఏదైనా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ నెలవారీ చక్రవడ్డీగా పడుతుంది. మా దగ్గర బిల్లులు ఆగడానికి కారణం డబ్బు లేకపోవడమే అనుకునేవాళ్లం. తేదీలు రాసి చూస్తే, చాలా ఫైళ్లు సరుకు అందిందన్న ధ్రువపత్రం కోసం ఆగి ఉన్నాయి. సరుకు జిల్లా గోదాములో దిగింది, తనిఖీ కూడా అయింది, ఆ కాగితం తపాలులో రావాలి. గోదాము అధికారి స్వీకరణను దిగిన రోజునే ఆన్‌లైన్‌లో నమోదు చేసి, ఆ నమోదు సంఖ్యతోనే బిల్లు తయారుచేసే పద్ధతి పెట్టాం. అందుకు వాడింది ఒక ఆన్‌లైన్ ఫారం, ఒక స్ప్రెడ్‌షీట్. రెండో ఏడాదికి మా టెండర్లలో అంతకుముందు కనిపించని చిన్న సంస్థలు కూడా పాల్గొన్నాయి. వారిలో ఒకాయన నాతో, ‘మీ దగ్గర డబ్బు వస్తుందని విన్నాం సార్’ అన్నాడు.

జెమ్‌లో ఈ క్రమం ఇప్పటికే ఉంది. సరుకు అందాక స్వీకరణ ధ్రువపత్రం పది రోజుల్లో ఇవ్వాలి, అది వచ్చిన పది రోజుల్లో చెల్లించాలి. మీ ఇతర కొనుగోళ్లకు కూడా ఇదే గడియారాన్ని పెట్టుకోమని సలహా ఇస్తాను.

మనుషుల గురించి ఒక్క హెచ్చరిక. ఇ-ఫైలు ఉన్నా ‘ఎందుకైనా మంచిది’ అని కాగితం ఫైలును పక్కనే నడిపిస్తే పని రెట్టింపవుతుంది, మూడో నెలకు సిబ్బంది నిశ్శబ్దంగా కాగితానికే తిరిగి వెళ్లిపోతారు. ఒక తేదీ ప్రకటించి, ఆ తరువాత మొదలైన కొనుగోలుకు కాగితం ఫైలు తెరవకూడదని కార్యాలయ ఉత్తర్వు ఇప్పించండి. పాత ఫైళ్లను వాటి దారిన ముగియనివ్వండి. వాటిని స్కాన్ చేయించడానికి డబ్బు ఖర్చు పెట్టడం నాకు ఎప్పుడూ దండగగానే కనిపించింది.

వచ్చే ఏడాది సాఫ్ట్‌వేరు కొనవలసి వస్తే, ఒప్పందంలో మూడు షరతులు రాయించండి. మీ సమాచారం మొత్తాన్ని మీరు కోరినప్పుడు చదవదగిన రూపంలో ఇవ్వాలి. టెండరు పోర్టల్, ట్రెజరీ వ్యవస్థలతో సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు ఉండాలి, ఒకసారి కొట్టిన అంకెను మళ్లీ కొట్టే పని ఉండకూడదు. చెల్లింపులు సాఫ్ట్‌వేరు అప్పగింతకు కాకుండా వాడకానికి ముడిపడి ఉండాలి, ఉదాహరణకు వరుసగా పది కొనుగోళ్లు ఇండెంటు నుంచి బిల్లుదాకా అందులోనే పూర్తయిన తరువాతే పెద్ద వాయిదా ఇవ్వాలి. ఈ మూడో షరతు చూడగానే కొందరు బిడ్డర్లు తప్పుకుంటారు, తప్పుకోనివ్వండి.

ముందు ఆ పది ఫైళ్ల ఎనిమిది తేదీలు రాసి ఇక్కడ పెట్టండి. సంస్థ పేరు, సరఫరాదారుల పేర్లు అవసరం లేదు, వస్తువు రకం, తేదీలు చాలు. ఏ గడి దగ్గర ఆగుతోందో చూసి, దానికి తగిన ఫారం నమూనాను నేను రాసి ఇస్తాను.